కుళాయి ముట్టుకుంటే జివ్వుమనే ఇంట్లో రెండో ఏసీ మాట తర్వాత

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు రాశారు:

"అన్నయ్యగారూ, మాది బ్రాడీపేటలో మా మామయ్యగారు 1974లో కట్టించిన ఇల్లు. చెక్క బద్దీల మీద వైరింగ్, పింగాణీ ఫ్యూజులు. కింద మేముంటాం, పైన అద్దెకిచ్చాం. ఏసీ, గీజరు ఒకేసారి వేస్తే ఫ్యూజు పోతోంది. ఈ మధ్య బాత్రూంలో కుళాయి తిప్పుతుంటే చెయ్యి జివ్వుమంటోంది. అత్తయ్యగారైతే చెప్పులు వేసుకునిగానీ ఫ్రిజ్ తలుపు తీయడం లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే ఫ్యూజులు పీకేసి 32 ఆంపియర్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) పెడతాను, ఇంకో ఏసీ కూడా వేసుకోవచ్చు అన్నాడు. మామయ్యగారేమో యాభై ఏళ్లుగా ఏమీ కాలేదు, ఇల్లంతా పగలగొట్టించొద్దు అంటున్నారు. అసలు ఇల్లంతా రీవైరింగ్ చేయించాలా, ఎంసీబీలతో సరిపోతుందా? ఇంకోటి, మామయ్యగారు దగ్గరుండి చేయించిన టేకు స్విచ్ బోర్డులు ఉన్నాయి. అవి తీసేస్తే ఆయన మనసు కష్టపెట్టుకుంటారేమోనని కూడా ఉంది."

అమ్మా, ముందు లేచి ఒక పని చేసి రండి, మిగతాది తర్వాత చదువుదురుగాని. మెయిన్ ఆపి, గీజరు ప్లగ్, ఫ్రిజ్ ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే పీకాలి, ఎందుకో కింద చెప్తాను. పైన అద్దెకున్నవాళ్లకి కూడా చెప్పి వాళ్ల గీజరు ఆపించండి, ఎందుకంటే మీ కుళాయిలోకి వస్తున్న కరెంటు మీ ఇంట్లోదే అయ్యుండాలని ఏమీ లేదు. ఫ్రిజ్‌లో పాలు విరిగితే విరగనివ్వండి. ఒక రెండు రోజులు నీళ్లు గ్యాస్ మీద కాచుకోండి.

మీ ఉత్తరంలో మీరు ఫ్యూజు గురించి, ఏసీ గురించి నాలుగు వాక్యాలు రాసి కుళాయి సంగతి మధ్యలో ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు మాత్రం అదే పెద్ద అక్షరాల్లో కనపడింది. ఫ్యూజు పోవడం మంచి లక్షణం, దాని పని అది చేస్తోంది. కుళాయి జివ్వుమనడం అంటే కరెంటు దారి తప్పి ఇనప పైపులోకి వచ్చి కూర్చుంది, బయటికి పోవడానికి ఎవరు ముట్టుకుంటారా అని చూస్తోంది. ఇవాళ జివ్వుమంది, ఎందుకంటే మీ కాలు కొంచెం పొడిగా ఉండి ఉంటుంది, లేదా లీకేజీ ఇంకా తక్కువగా ఉంది. రేపు తడి కాళ్లతో, పైగా వెంటిలేటర్ ఇనప చువ్వ ఒకటి పట్టుకుని కుళాయి తిప్పితే అది జివ్వుమని ఊరుకోదు.

ఎంత కరెంటుకి మనిషి పోతాడన్నది చాలామందికి తెలియదు, తెలియకే ఎంసీబీ వేయించుకుని నిశ్చింతగా ఉంటారు. రాత్రిళ్లు వేసుకునే పాత జీరో బల్బు ఉంది చూడండి, పేరుకే జీరో, తీసుకునేది 15 వాట్లు. మన 230 వోల్టుల మీద లెక్కేస్తే సుమారు 65 మిల్లీ ఆంపియర్లు. గుండె మీదుగా 30 మిల్లీ ఆంపియర్లు దాటితే చాలు, ప్రాణానికే ప్రమాదం, అంటే జీరో బల్బు తాగే కరెంటులో సగం కూడా అక్కర్లేదు. ఇప్పుడు ఆ ఎలక్ట్రీషియన్ చెప్పిన 32 ఆంపియర్ల ఎంసీబీ చూడండి, అది 32,000 మిల్లీ ఆంపియర్లు దాటితేగానీ కదలదు, అప్పుడు కూడా కొంచెం దాటితే వెంటనే పడదు, తీరిగ్గా పడుతుంది. మనిషికి షాక్ కొడుతున్న సంగతి దానికి తెలిసే అవకాశమే లేదు. ఎంసీబీ వైరుని కాపాడుతుంది, మనిషిని కాపాడేది వేరే ఉంది, ఆర్‌సీసీబీ అంటారు. పాతవాళ్లు ఈఎల్‌సీబీ అనే పిలుస్తారు, షాపులో ఏ పేరు చెప్పినా ఇస్తారు. ఇళ్లకి 30 మిల్లీ ఆంపియర్లది వేయాలని నిబంధనల్లోనే ఉంది.

అది చేసే పని చాలా సింపుల్. ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా అని క్షణక్షణం లెక్క చూసుకుంటుంది, పద్దు కలవకపోతే, 30 మిల్లీ ఆంపియర్ల తేడా కనపడేలోపే, కట్ చేసేస్తుంది. కరెంటు మీ ఒంట్లోంచి నేలలోకి పోయినా, గీజరు కాయిల్ నుంచి నీళ్లలోకి పోయినా దానికి ఒకటే, లెక్క తప్పింది అంతే. అయితే రెండు చేతులతో ఫేజు, న్యూట్రల్ రెండూ పట్టుకున్నవాణ్ని అది కాపాడలేదు, ఎందుకంటే అక్కడ పద్దు కలిసిపోతుంది. ఓవర్‌లోడ్ కూడా దాని పని కాదు. అందుకే ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ ఉండాలి, ఒకటి ఉందని రెండోది మానేయకూడదు. మంచి కంపెనీది రెండు మూడు వేలలో వస్తుంది. మీరు కొనబోయే ఏసీ స్టాండు, స్టెబిలైజరు ఖర్చు కూడా కాదది.

ఇప్పుడు మామయ్యగారి మాటకొద్దాం. యాభై ఏళ్లుగా ఏమీ కాలేదన్నది నిజమే, నేను కాదనను. కానీ 1974లో ఆ ఇంట్లో ఏమున్నాయో ఆయన్నే అడగండి. నాలుగు అరవై క్యాండిల్ బల్బులు, మూడు ఫ్యాన్లు, ఒక రేడియో ఉండి ఉంటాయి. అన్నీ కలిపి వేసినా రెండు ఆంపియర్లు. ఇవాళ ఒకటిన్నర టన్నుల ఏసీ ఒక్కటే ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది, రెండు కిలోవాట్ల గీజరు దాదాపు తొమ్మిది, దీని మీద ఇండక్షన్ పొయ్యి, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ పెట్టె. ఆ రోజుల్లో వైరింగ్ చేసినవాడు పని బాగానే చేశాడు, ఎద్దుబండికి చేసిన ఇరుసు అది. మనం దాని మీద లారీ బరువు ఎక్కించాం.

ఇంకో సంగతి, ఆ కాలంలో రాగి దొరకడం కష్టం, అందుకని చాలా ఇళ్లలో అల్యూమినియం వైర్లు వేశారు. మీ బోర్డు ఒకటి విప్పించి చూడండి, వైరు కొస వెండి రంగులో ఉంటే అల్యూమినియమే. దాంతో రెండు తంటాలు. వేడెక్కి చల్లారి వేడెక్కి చల్లారి స్క్రూ కింద అది నలిగి లూజవుతుంది, లూజు దగ్గర వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా లూజవుతుంది. రెండోది, తర్వాత ఎప్పుడో ఎవరో కొత్త పాయింటు కోసం రాగి వైరు తెచ్చి దాన్ని ఈ అల్యూమినియంకి మెలిపెట్టి టేపు చుట్టేసి ఉంటారు, ఆ అతుకు లోపల్లోపలే తెల్లగా పొడిబారి పోతుంది. స్విచ్ బోర్డు మీద చెయ్యి పెడితే వెచ్చగా తగలడం, ప్లగ్ చుట్టూ గోధుమరంగు మచ్చ, ఏసీ ఆన్ అయినప్పుడల్లా లైటు ముణగడం, చేపల కంపులాంటి వాసన (బేకలైటు, పాత ప్లాస్టిక్కు మాడితే వచ్చేది అదే, చాలామంది బల్లి చచ్చిందనుకుంటారు), వీటిలో ఏది ఉన్నా ఆ పాయింటు వాడకండి.

ఇలాంటి వైరు మీద 32 ఆంపియర్ల ఎంసీబీ పెడితే ఏమవుతుందో చెప్పనా. లైట్లకని లాగిన పాత 1/18 (18 గేజీ ఒంటి తీగ) వైరు తట్టుకునేది పది ఆంపియర్లకి అటూ ఇటూ. ఇప్పుడు దాంట్లో పద్దెనిమిది పోతున్నా ఎంసీబీ పడదు, దాని దృష్టిలో అంతా బాగానే ఉంది. ఫ్యూజు పోవడం ఆగిపోతుంది, మీరూ ఎలక్ట్రీషియన్ మంచి పని చేశాడని సంతోషిస్తారు, అప్పుడిక ఆ వైరే ఫ్యూజు. అది కాలేది చెక్క బద్దీ మీద. ఫ్యూజు గ్రిప్పులో ఫ్యూజు వైరు బదులు రెండు పోగుల రాగి తీగ చుట్టడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే, కాకపోతే చూడ్డానికి కొత్తగా ఉంటుంది. బ్రేకరు సైజు ఎప్పుడూ వైరుని బట్టి ఉండాలి, ఏసీని బట్టి కాదు. వైరు మార్చకుండా పెద్ద ఎంసీబీ వేస్తానన్న మనిషికి మాత్రం ఒక దణ్ణం పెట్టి పంపించేయండి.

ఎర్తింగ్ గురించి, అంటే దారి తప్పిన కరెంటుని భూమిలోకి పంపే ఏర్పాటు గురించి, మీ ఉత్తరంలో ఒక్క మాట లేదు, అంటే బహుశా ఆ ఇంట్లో అది లేదు. 1974 నాటి ఇళ్లలో చాలావాటికి రెండు వైర్లే, మూడో వైరు లేదు. మూడు కన్నాల ప్లగ్గులు తర్వాత బిగించారు, పై కన్నం ఖాళీ. కొందరు దాన్ని ఖాళీగా వదల్లేదు, అదింకా ఘోరం. మా ఇంటి కథే చెప్తాను. విజయవాడ సత్యనారాయణపురంలో మాది పాత ఇల్లే. చాలా ఏళ్ల కిందట ఫ్రిజ్ బాడీ షాక్ కొడుతోందంటే ఒక ఎలక్ట్రీషియన్ వచ్చి పది నిమిషాల్లో సరిచేసి వెళ్లాడు, మేమూ ఆహా అనుకున్నాం. అతను చేసిందల్లా ప్లగ్ లోపల ఎర్త్ పిన్నుకీ న్యూట్రల్‌కీ మధ్య అంగుళం వైరు ముక్క కలపడం. ఒక వానాకాలం రాత్రి గాలికి స్తంభం దగ్గర మా సర్వీసు న్యూట్రల్ తెగింది. లైట్లు పోయాయి, కరెంటు పోయిందని అందరం అనుకున్నాం. కానీ ఫేజు ఉంది, తిరిగి వెళ్లే దారి లేక ఆ వైరు ముక్క మీదుగా ఫ్రిజ్ బాడీలోకి 230 వోల్టులు వచ్చి కూర్చున్నాయి. చీకట్లో మంచినీళ్ల సీసా కోసం వెళ్లిన మా అమ్మ అవతలి గోడకి కొట్టుకుంది. భుజం ఎముక విరిగింది, ప్రాణం మాత్రం దక్కింది. అందుకే అంటున్నాను, మీ ఇంట్లో ప్రతి మూడు పిన్నుల ప్లగ్గూ విప్పించి మీ కళ్లతో చూడండి, ఆ అంగుళం ముక్క కనపడితే ముందు పీకించండి.

మీ కుళాయి విషయంలో నా అనుమానం ఇంకోటి. పైవాళ్ల గీజరుకో, మోటారుకో ఎర్త్ కావాలని ఎవరో వైరు తెచ్చి నీళ్ల పైపుకి కట్టి ఉంటారు. పూర్వం పైపులన్నీ ఇనపవి, భూమిలోకి పోయేవి, ఎలాగో నడిచింది. మధ్యలో లీకైన చోట పీవీసీ ముక్క వేసి ఉంటారు, దాంతో పైపుకీ భూమికీ సంబంధం తెగిపోయింది, ఇప్పుడా ఇనప పైపు మేడ మీది గీజరు లీకేజీని తిన్నగా మీ కుళాయికి మోసుకొస్తోంది. ఎలక్ట్రీషియన్‌ని ముందు టాంకు దగ్గర, పై బాత్రూంలో పైపుకి చుట్టిన వైరు ఉందేమో వెతకమనండి.

ఎర్తింగ్ కొత్తగా వేయించుకోండి, పెద్ద పనేం కాదు. పెరట్లో గుంత తీసి జీఐ పైపో రాగి రాడ్డో దింపి, బొగ్గులు, గళ్లుప్పు వేసి పూడుస్తారు, లేదా రెడీమేడ్ కెమికల్ ఎర్తింగ్ వస్తోంది. గుంటూరు వైపు నల్లరేగడి నేలతో ఒక చిక్కుంది, వానాకాలంలో బ్రహ్మాండంగా పని చేసే ఎర్త్ ఎండాకాలంలో నేల నెర్రెలు బాసి పైపుని వదిలేస్తుంది, సరిగ్గా ఏసీలు ఎక్కువ వాడే రోజుల్లోనే. గుంత పైన చిన్న గట్టు కట్టించి వేసవిలో వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోయండి. పని అయ్యాక ఎర్త్ టెస్టరుతో కొలిచి 5 ఓంల లోపు వచ్చిందని చూపించమనండి. బల్బు వెలిగించి చూపిస్తే ఒప్పుకోకండి, 20 ఓంలున్న పనికిమాలిన ఎర్త్ మీద కూడా బల్బు చక్కగా వెలుగుతుంది. అలాంటి ఎర్త్‌లోకి ఫేజు తగిలినా పోయేది పదకొండున్నర ఆంపియర్లు, పదహారు ఆంపియర్ల ఎంసీబీ కూడా పడదు. ఆర్‌సీసీబీ అయితే పడుతుంది, నేను దాన్ని పట్టుకుని వేలాడుతున్నది అందుకే. ఎర్త్ ఇంకా వేయకపోయినా ఆర్‌సీసీబీ పని చేస్తుంది, కాకపోతే అప్పుడు ఎవరో ఒకరు ముట్టుకున్నాకే పడుతుంది, ఎర్త్ ఉంటే ముట్టుకోకముందే పడుతుంది.

ఒకటి ముందే చెప్పేస్తున్నా. మీ ఇంట్లో ఆర్‌సీసీబీ పెట్టగానే అది పడిపోతుంది. ఎత్తితే మళ్లీ పడుతుంది. ఎలక్ట్రీషియన్ విసుక్కుని "పాతింటికి ఇవి పడవండీ" అని తీసేసి వైరు డైరెక్టుగా కలిపేస్తాడు, పాతిళ్లలో సగం ఆర్‌సీసీబీల చరిత్ర ఇదే. అది పడుతోందంటే ఎక్కడో లీకేజీ ఉందనే కదా. ఒక్కో లైను విడదీసి ఏ లైను కలిపితే పడుతోందో చూడాలి. సాధారణంగా గీజరు, వాన నీళ్లు దిగే గోడలో ఉన్న పాయింటు, లేదా ఇన్వర్టరు న్యూట్రల్, మెయిన్ న్యూట్రల్ కలిపేసిన చోటు, ఈ మూడింట్లో ఒకటి దొరుకుతుంది. సగం పూట పని. ఆ సగం పూటకి కూలి విడిగా ఇస్తానని ముందే చెప్పండి, అప్పుడు వెతుకుతాడు. పెట్టాక నెలకోసారి దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కండి, టక్కున పడాలి, పడకపోతే మార్చేయాలి. పైన అద్దె వాటాకి విడిగా ఇంకోటి వేయించండి, లేకపోతే వాళ్ల గీజరు పాడైతే మీ ఇల్లు చీకటి.

రీవైరింగ్ చేయించాలా అంటే, చేయించాలి. కానీ ఒక్కసారిగా అక్కర్లేదు, గోడలు పగలగొట్టనూ అక్కర్లేదు, మామయ్యగారికి ఆ భయం తీసేయండి. పాత ఇల్లు కాబట్టి మద్రాసు టెర్రస్ (చెక్క దూలాల మీద ఇటుకలు పేర్చి గచ్చు చేసిన కప్పు) అయ్యుంటే ఆ గచ్చులో, దూలాల్లో ఎక్కడపడితే అక్కడ డ్రిల్లు పెట్టకపోవడమే మంచిది కూడా. పీవీసీ పట్టీల్లో గోడ మీదనుంచే లాగించండి, చూపుకి కాస్త తక్కువైనా తర్వాత ఏ రిపేరు వచ్చినా మూత తీసి చూసుకోవచ్చు. మొదటి విడతలో మెయిన్ దగ్గర కొత్త డీబీ బాక్సు (ఎంసీబీలన్నీ ఉండే పెట్టె), అక్కణ్నుంచి ఏసీకొకటి, గీజరుకొకటి, వంటగదికొకటి విడివిడిగా కొత్త రాగి లైన్లు, మూడో వైరుతో సహా. ఏసీకి, గీజరుకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ. మామూలు పవర్ ప్లగ్గులకి 2.5 వైరు, 16 ఆంపియర్లు. లైట్లు, ఫ్యాన్లకి 1.5 వైరు, 10 ఆంపియర్లు చాలు. మీ ఎలక్ట్రీషియన్ పెద్దవాడైతే వీటినే 7/20, 3/20, 3/22 అంటాడు, కంగారు పడకండి. బరువంతా కొత్త లైన్ల మీదికి వెళ్లిపోయాక పాత వైర్ల మీద మిగిలేది లైట్లూ ఫ్యాన్లే, అంటే మళ్లీ 1974 నాటి బరువే. వాటికి 6 ఆంపియర్ల ఎంసీబీ పెట్టి, వైరు తొడుగు లీకేజీని ఆపుతోందో లేదో కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో టెస్ట్ చేయించి, ఒక మెగా ఓం కంటే తక్కువ చూపించిన లైను వెంటనే, మిగతావి వచ్చే ఏడాది మార్చుకోవచ్చు. వైరు కాయిల్ మాత్రం మీరే వెళ్లి ఐఎస్ఐ గుర్తు చూసి బిల్లుతో కొనండి, కాంట్రాక్టు అతనికి వదిలేస్తే ఏ వైరు వస్తుందో దేవుడికి తెలియాలి.

స్విచ్చుల దగ్గర ఇంకో పాత జబ్బుంది. ఆ కాలం వైరింగ్‌లో చాలాచోట్ల స్విచ్ ఫేజుకి బదులు న్యూట్రల్‌కి పెట్టేశారు. స్విచ్ ఆపితే లైటు ఆరిపోతుంది, కానీ హోల్డరులో కరెంటు అలాగే ఉంటుంది, బల్బు మార్చబోయి షాక్ తిన్నవాళ్లంతా "స్విచ్ ఆపే ఎక్కానండీ" అంటారు చూడండి, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. గీజరు ప్లగ్ పీకమన్నది కూడా ఇందుకే. అలాగే ఇన్వర్టరుంటే మెయిన్ ఆపినా ఆ లైన్లలో కరెంటు ఉన్నట్టే, పని చేసేవాడికి ముందే చెప్పండి, ఇన్వర్టరు కూడా ఆపించండి.

రెండో ఏసీ ఇవన్నీ అయ్యాకే. అప్పుడు కూడా కరెంటాఫీసులో మీ మీటరుకి ఎంత లోడు రాసి ఉందో బిల్లులో చూసి, పెంచమని దరఖాస్తు పెట్టుకోండి. లోడు పెరిగితే స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు కూడా సరిపోతుందో లేదో వాళ్లే చూడాలి. మీటరు సీలు, ఆ పైన వైరు ఎవరితోనూ ముట్టించకండి, అక్కడేదైనా తేడా ఉంటే 1912కి ఫోన్ చేయండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, నిజమే, రెండో గదిలో పిల్లలు ఉడికిపోతుంటే ఆగడం కష్టమే, అయినా ఈ ఒక్క ఎండాకాలం అందరూ ఒకే గదిలో పడుకోండి. ఏసీ లేదు కదా అని అటక మీంచి పాత ఇనప కూలరు దించకండి, ఎర్త్ లేని ఇంట్లో నీళ్లూ ఇనుమూ కరెంటూ కలిసిన వస్తువు అది, ఏసీ కంటే వందరెట్లు ప్రమాదం. దండెం విషయం కూడా చూడండి, సర్వీసు వైరుకి ఆసరాగా లాగిన జీఐ తీగ కొసకి బట్టలారేసుకునే తీగ కట్టి ఉంటే ఇవాళే విప్పేసి నైలాన్ తాడు కట్టండి. వైరు తొడుగు ఎండకి పగిలి ఆ తీగకి తగిలితే తడి చీర ఆరేసేవాళ్లకి ఇక చెప్పేదేముంది.

ఆ మధ్య, 2024 సెప్టెంబరులో, బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు మా బంధువులింట్లో చూశాను, నీళ్లు తీసిన మూడో రోజే బోర్డులు గుడ్డతో తుడిచి మెయిన్ వేసేశారు. అప్పటికేమీ కాలేదు. రెండు నెలల తర్వాత కింది ప్లగ్గులన్నీ లోపల పచ్చగా చిలుమెక్కి ఒక్కొక్కటే మాడాయి. మీకు వరద బాధ లేకపోయినా కొత్త ప్లగ్గులు నేలకి జానెడు ఎత్తులో కాకుండా నడుమెత్తున పెట్టించుకోండి, గచ్చు కడిగే ఇల్లు కదా.

ఇక టేకు బోర్డులు. తీసేసినా పారేయకండి. నిజానికి ఆ చెక్క మీద కొత్త స్విచ్చులు బిగిద్దామనే ఆశ చాలామందికి ఉంటుంది, వద్దు, చెక్క అంటుకునే వస్తువు, వెనకంతా చీమలు కట్టిన మట్టి ఉంటుంది. వైర్లన్నీ తీసేశాక హాల్లో ఒక బోర్డు మాత్రం, ఆ నల్లటి టంబ్లర్ స్విచ్చులూ పింగాణీ కటౌటూ అలాగే ఉంచి, పాలిష్ పెట్టించి, ఏ కనెక్షనూ లేకుండా గోడకి తగిలించండి. మా నాన్న ఉన్నన్నాళ్లూ మా ఇంట్లోదీ అలాగే ఉండేది, పడుకోబోయే ముందు వెళ్లి అలవాటుగా దాని స్విచ్ టక్కున కొట్టేవారు, నేను కొత్త స్విచ్ ఆపేవాణ్ని.